కీ తెగింది సరే, బోల్టు ఎందుకు వదులైందో చూశారా?

ప్రశ్న: మాది పాత పెట్రోల్ కారు, 1.6 లీటర్ల ఇంజన్. కొన్ని నెలల కిందట టైమింగ్ బెల్టు మార్పించాం. ఈ మధ్య ఐడిల్‌లో ఉన్నప్పుడు ఇంజన్ ముందు వైపు టక్‌టక్‌మని చప్పుడు, పికప్ కూడా తగ్గింది. బానెట్ ఎత్తి చూస్తే క్రాంక్ పుల్లీ, అంటే పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ ముందు కొసకున్న చక్రం, ఊగుతూ తిరుగుతోంది. విప్పితే ఆ షాఫ్ట్ గాడిలో కూర్చునే చిన్న లోహపు ముక్క, అదే కీ, ఒక పక్క సగం దాకా కోసుకుపోయి ఉంది, క్రాంక్‌షాఫ్ట్ మీద కీ కూర్చునే గాడి కూడా వెడల్పైంది. ఒక మెకానిక్ క్రాంక్ మార్చాల్సిందే అంటున్నాడు, ఇంకొకాయన వెల్డింగ్ పెట్టేద్దాం అంటున్నాడు. కొత్త కీ ఒక్కటే వేసి నడిపితే కుదరదా? చాలా టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: కొత్త కీ ఒక్కటే వేసి మాత్రం నడపకండి. కొన్నాళ్లు బాగానే నడుస్తుంది, ఆ తర్వాత మళ్లీ ఇదే చప్పుడు వస్తుంది, ఈసారి గాడి ఇంకా పాడై ఉంటుంది.

పుల్లీని తిప్పేది ఆ చిన్న కీ అని చాలామంది అనుకుంటారు, మెకానిక్కుల్లో కూడా. నిజానికి పుల్లీని, దాని వెనక ఉన్న టైమింగ్ స్ప్రాకెట్‌ని (టైమింగ్ బెల్టుని తిప్పే పళ్ల చక్రాన్ని) క్రాంక్‌తో పాటు తిప్పేది మధ్యలో ఉన్న పెద్ద బోల్టు బిగింపు. ఆ బోల్టు వాటన్నిటినీ క్రాంక్ భుజానికి, అంటే దాని మీద ఉన్న మెట్టుకి, అదిమి పట్టుకుంటుంది, ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడే బరువంతా మోస్తుంది. కీ పని స్ప్రాకెట్‌ని సరైన కోణంలో కూర్చోబెట్టడం, అంతే. క్రాంక్ ఒకే వేగంతో మెత్తగా తిరగదు, ప్రతి సిలిండర్ మండినప్పుడల్లా ఒక కుదుపు వస్తుంది. బిగింపు చాలకపోతే ఆ కుదుపులన్నీ కీ మీద సుత్తి దెబ్బల్లా పడతాయి. ముందు కీ నలుగుతుంది, తర్వాత గాడి గోడ నలుగుతుంది, ఆట, అంటే వదులు, పెరిగేకొద్దీ దెబ్బ కూడా పెద్దదవుతుంది. మీకు వినిపించిన టక్‌టక్ అదే. చాలామంది దాన్ని బేరింగ్ చప్పుడనుకుని ఇంజన్ మొత్తం విప్పేస్తారు.

టైమింగ్ బెల్టు మార్చాక మొదలైందన్నారు కదా, నాకు మొదట అనుమానం వచ్చేది అక్కడే. బెల్టు మార్చాలంటే చాలా ఇంజన్లలో ఈ బోల్టు విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే రెంచి) వాడకపోయినా, ఒకసారి సాగిపోయిన పాత బోల్టే మళ్లీ వేసినా, పుల్లీ ముఖం మీద తుప్పు, ఆయిల్ జిడ్డు అలాగే వదిలేసినా, బిగింపు పైకి గట్టిగా అనిపిస్తుందే కానీ లోపల పట్టు ఉండదు. బోల్టుకి మనం పెట్టే బలంలో సుమారు 90 శాతం మరల్లోనూ తల కిందా రాపిడికే పోతుంది, అదిమే ఒత్తిడిగా మిగిలేది 10 శాతమే. అందుకే మరల్లో మురికి ఉంటే రెంచి సరైన అంకె చూపించినా బిగింపు రాదు.

సరే, ఇప్పుడు మీ క్రాంక్ సంగతి. ముందు కొలవండి, కొలవకుండా ఎవరేం చెప్పినా నమ్మకండి. క్రాంక్ ముక్కు, అంటే స్ప్రాకెట్ ఎక్కే ముందు భాగం, మైక్రోమీటర్‌తో నాలుగైదు చోట్ల కొలిచి మాన్యువల్‌లో ఉన్న సైజుతో పోల్చాలి. గాడి వెడల్పు పై అంచు దగ్గర ఒకసారి, అడుగున ఒకసారి చూడాలి. అడుగున అసలు సైజు ఉండి పైన మాత్రమే వెడల్పైతే ఆశ ఉన్నట్టే. గాడికి రెండు గోడలుంటాయి కదా, దెబ్బ ఎక్కువగా ఒక గోడకే తగిలి ఉంటుంది. రెండో గోడ నున్నగా, నిటారుగా మిగిలి ఉంటే దాన్ని జాగ్రత్తగా చూసుకోండి, స్ప్రాకెట్ అసలు స్థానం ఎక్కడో మీకు చెప్పేది ఆ గోడే.

పికప్ ఎందుకు తగ్గిందో ఒక చిన్న లెక్కలో చెబుతాను. ముక్కు వ్యాసం 30 మిల్లీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత 94 మిల్లీమీటర్ల చిల్లర. కీ దగ్గర ఒక్క మిల్లీమీటర్ ఆట వచ్చిందంటే స్ప్రాకెట్ దాదాపు 3.8 డిగ్రీలు వెనకబడినట్టు. వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి. స్పార్క్ టైమింగ్ క్యామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్ట్) వైపు నుంచి తీసుకునే ఇంజన్ అయితే అది కూడా ఆలస్యమవుతుంది. కీ పూర్తిగా తెగిపోతే స్ప్రాకెట్ ఎటు తిరుగుతుందో చెప్పలేం. వాల్వు, పిస్టన్ ఒకదానికొకటి తగిలే రకం ఇంజనైతే అక్కడితో వాల్వులు వంగిపోతాయి. కాబట్టి బాగుచేసేదాకా ఆ కారు స్టార్ట్ చేయకండి, గేటు బయటికి తీయడానికి కూడా వద్దు.

ముక్కు వ్యాసం బాగుండి, గాడి మాత్రం కొద్దిగా వెడల్పైతే క్రాంక్ మార్చనక్కర్లేదు. లోక్‌టైట్ 660 లాంటి రిటైనింగ్ కాంపౌండ్ ఉంటుంది, వ్యాసంలో 0.5 మిల్లీమీటర్ దాకా ఖాళీని నింపి, గాలి తగలని చోట గట్టిపడుతుంది. మజ్దా మియాటా అనే కారు తొలి 1.6 ఇంజన్లలో, అంటే 1990, 91 నాటి వాటిలో, క్రాంక్ ముక్కు చిన్నదిగా ఉండి ఈ జబ్బుకి బాగా పేరుపడ్డాయి. తర్వాతి ఇంజన్లలో ముక్కు పెద్దది చేశారు. పాత వాటిని చాలామంది ఈ కాంపౌండ్‌తోనే నిలబెట్టుకున్నారు. పని తేలికే, కానీ శుభ్రత దగ్గర రాజీ పడితే మొత్తం వృథా. ముక్కు, స్ప్రాకెట్ లోపలి రంధ్రం, గాడి, కీ అన్నీ ఆయిల్ మిగలకుండా బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరనివ్వాలి. నలిగి పైకి లేచిన అంచుల్ని సన్నటి ఆకురాయితో సమం చేయాలి, లేకపోతే స్ప్రాకెట్ పూర్తిగా లోపలికి కూర్చోదు. కొత్త కీ పెట్టి, కాంపౌండ్ పూసి, స్ప్రాకెట్ ఎక్కించి, కీని ఆ బాగున్న గోడకి ఆనించి ఉంచి బోల్టు బిగించాలి. అనుమానముంటే ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రంలోంచి డయల్ గేజ్ దింపి పిస్టన్ పై కొసకి వచ్చిన చోటు పట్టుకుని టైమింగ్ గుర్తు సరిచూసుకోండి. తర్వాత 24 గంటలు కదిలించకూడదు. కాంపౌండ్, క్రాంక్ ముందు వైపు ఉన్న ఆయిల్ సీలు పెదవికి అంటకుండా చూడండి. ఇంకో మాట, మళ్లీ ఎప్పుడైనా ఆ స్ప్రాకెట్ ఊడదీయాలంటే బాగా వేడి చేయాల్సి వస్తుంది, ఆ సీలు పోయినట్టే లెక్క. అది తెలిసే చేయండి.

గాడి ఒక పక్క బాగా తినేసి ఉంటే గాడిని నీటుగా వెడల్పు చేసి, కింద వెడల్పు, పైన పాత సైజు ఉండే మెట్టు కీ చేయించి వేయొచ్చు. ఇది మంచి మిషన్ షాపులో చేయించాల్సిన పని. ఖాళీలో ఇత్తడి రేకు దూర్చడం మాత్రం వద్దు, అది నలిగి జారిపోతుంది.

వెల్డింగ్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఇంజన్ కారులో ఉండగా ముక్కు మీద వెల్డింగ్ పెట్టనివ్వకండి. క్రాంక్ పోత ఇనుముతో చేసిందైతే పగుళ్లు వస్తాయి, ఫోర్జింగ్ (వేడి ఉక్కుని అదిమి చేసింది) అయినా వేడికి వంకర పోవచ్చు. ఎర్త్ క్లాంపు ఇంజన్ బ్లాకుకి తగిలిస్తే కరెంటు మెయిన్ బేరింగుల గుండా పోయి వాటి మీద కాలిన మచ్చలు పడతాయి. ముక్కు వ్యాసమే అరిగిపోయి ఉంటే క్రాంక్ బయటికి తీసి, లోహం నింపి, గ్రైండింగ్ చేసి, కొత్త గాడి కోయించాలి, లేదా మంచి క్రాంక్ వేయాలి. ఆ రెండింట్లో ఏది చవకో మీరు విచారించుకోండి. పుల్లీని ముక్కుకి కలిపి అతికించేద్దాం అనేవాళ్లుంటే ఆ షాపు నుంచి కారు తీసుకొచ్చేయండి.

పుల్లీ విషయంలో మాత్రం పొదుపు చూడకండి. దాని గాడి కూడా నలిగి ఉంటే కొత్తదే వేయండి. బోల్టు, వాషర్ కూడా కొత్తవే. పుల్లీ తొడిగాక, బోల్టు పెట్టకముందు, పుల్లీ ముఖం కంటే క్రాంక్ ముక్కు కొస కొంచెం లోపలికి ఉందో లేదో స్కేలు ఆనించి చూడండి. సమంగా గానీ బయటికి గానీ ఉంటే వాషర్ వెళ్లి క్రాంక్ కొసకే ఆనుతుంది, పుల్లీ మీద ఒత్తిడే పడదు, మీరెంత బిగించినా లాభం లేదు. కీ పై భాగానికీ పుల్లీ గాడికీ మధ్య కూడా సన్నటి ఖాళీ ఉండాలి. లేకపోతే పుల్లీ ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది, మళ్లీ ఊగుతుంది.

ప్రశ్న: మా కారులో కీ, గాడి రెండూ కొత్తవాటిలా ఉన్నాయి. అయినా పుల్లీ ఊగుతోంది, టైమింగ్ లైట్ (తిరిగే పుల్లీ మీది గుర్తు కనిపించేలా వెలిగి ఆరే లైటు) పెడితే గుర్తు ఎక్కడో చూపిస్తోంది. ఏమై ఉంటుంది?

జవాబు: మీది లోపలి హబ్‌కీ బయటి రింగుకీ మధ్య రబ్బరు ఉండే పుల్లీ అయి ఉంటుంది. ఆ రబ్బరు ముదిరి వదిలేస్తే బయటి రింగు జారుతుంది, గుర్తు ఉండేది ఆ రింగు మీదే. హబ్ మీద నుంచి రబ్బరు దాటి రింగు దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీసి, కొన్ని రోజులు నడిపి చూడండి. గీత విరిగితే పుల్లీ మార్చాలి. రబ్బరు మళ్లీ అతికించడం జరిగే పని కాదు. ఇలాంటి పుల్లీని ఊడదీసేటప్పుడు పుల్లర్ కాళ్లు బయటి రింగుకి తగిలించకండి, హబ్‌లో మరలున్న రంధ్రాలకి బోల్టులు వేసి లాగండి.

ప్రశ్న: ఈ బోల్టు ఇంపాక్ట్ గన్‌తో బిగిస్తే చాలదా? ఫ్లైవీల్ (క్రాంక్ వెనక కొసకున్న బరువైన చక్రం) ఆపడం మా వల్ల కావట్లేదు.

జవాబు: విప్పడానికి గన్ పరవాలేదు. బిగించడానికి కాదు, ఎంత బిగిసిందో దానితో తెలియదు. స్టార్టర్ మోటారు తీసి ఆ సందులోంచి ఫ్లైవీల్ పళ్లకి లాకింగ్ టూల్ పెట్టండి, ఒకరు దాన్ని చూసుకుంటే ఇంకొకరు బిగించొచ్చు. టైమింగ్ బెల్టుని గానీ క్యామ్ స్ప్రాకెట్‌ని గానీ పట్టుకుని ఆపొద్దు. మీ ఇంజన్ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్, ఆ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమని ఉంటే అది కూడా, అలాగే పాటించండి. అయ్యాక బోల్టు తల మీద నుంచి పుల్లీ మీదికి ఒక పెయింటు గీత పెట్టుకుని, మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత టార్చి వేసి చూడండి. గీత కదిలినా, హబ్ చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపించినా బిగింపు నిలబడలేదని అర్థం, అప్పుడు అదే బోల్టుని మళ్లీ బిగించి ఊరుకోకుండా పుల్లీ విప్పి ముఖాలు చూడండి.