"నాకొద్దు తల్లీ" అంటున్న అత్తమ్మకు ఫంక్షన్ చేయాలా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. 18 ఏళ్లుగా బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటున్నాం. ఇద్దరం ఐటీ ఉద్యోగులం. ఆరేళ్ల కిందట మామయ్య పోయినప్పటి నుంచి అత్తమ్మ మా దగ్గరే ఉంటోంది. ఆమెకు 80 నిండాయి. వెయ్యి పున్నములు చూసినవాళ్లకు సహస్ర చంద్ర దర్శనం చేయాలని మావారు పట్టుబట్టి హాలు మాట్లాడారు. 200 మంది, స్టేజీ, ఎల్‌ఈడీ తెర మీద పాత ఫొటోలు. అమెరికాలో ఉన్న బావగారు సగం ఖర్చు తనదన్నారు. తిరుపతిలో ఉన్న ఆడపడుచు మాత్రం "నాయన లేకుండా అమ్మనొక్కదాన్నే పీట మీద కూర్చోబెడతారా? నలుగురూ ఏమనుకుంటారు?" అని గొడవ చేస్తోంది. అత్తమ్మేమో "నాకొద్దు తల్లీ" అంటుంది. మొన్న వీడియో కాల్‌లో మా తోడికోడలు హారతి ఎవరెవరు ఇవ్వాలో చెబుతుంటే లేచి లోపలికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి సరిగా తినడం లేదు. పెద్దావిడకు నాలుగు మంచి మాటలు చెప్పి ఒక శాలువా కప్పాలనుకోవడం తప్పా?
– ఒక కోడలు, బెంగళూరు

జవాబు: తప్పేమీ లేదమ్మా. అత్తగారికి పండగ చేయాలని ఇంత తాపత్రయపడి ఉత్తరం రాసే కోడళ్లు నా దగ్గరికి తక్కువే వస్తారు. అత్తగారి మీద ఫిర్యాదులే ఎక్కువ. అందుకని ముందు మీరు కాస్త స్థిమితపడండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ హారతి దగ్గరే ఆగిపోయాను.

మన ఇళ్లలో పెద్దవాళ్లు అనే "వద్దు"లో రెండు రకాలుంటాయి. "ఎందుకొచ్చిన ఖర్చు, వద్దులే" అంటారు. పది నిమిషాలాగి "మదనపల్లె వాళ్లను పిలిచారా? వంటకు ఎవరిని మాట్లాడారు?" అని ఆరా తీస్తారు. అలాంటి వద్దుకు కానిచ్చేయమనే అర్థం. ఇంకో రకంలో ప్రశ్నలే ఉండవు. మాట ఎత్తగానే మొహం పక్కకు తిప్పుకుంటారు, లేచి వెళ్లిపోతారు, అన్నం దగ్గర చెయ్యి ఆడదు. మీ అత్తమ్మది రెండోది. దాన్ని మొహమాటమనుకుని ముందుకు పోతే ఆరోజు స్టేజీ మీద ఆమె ఉంటుంది గానీ మనసు అక్కడ ఉండదు.

ఎందుకు లేచి వెళ్లిందో నాకు తోచింది చెబుతాను. మీ ఇంట్లో వరలక్ష్మీ వ్రతం రోజున ముత్తైదువలు వస్తే ఆమె ఎక్కడ కూర్చుంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వంటింట్లోనా? లోపలి గదిలోనా? మీరు పొమ్మనలేదు, నాకు తెలుసు. ఆమే పోయి ఉంటుంది. ఆరేళ్లుగా శుభకార్యాల్లో తనంతట తానే పక్కకు తప్పుకుంటున్న మనిషిని, 200 మంది ముందు నట్టనడుమ కూర్చోబెట్టి, చుట్టూ పసుపు కుంకాలతో హారతి పట్టిస్తామంటున్నారు. ఎవరో ఒకరు చెవి కొరుక్కుంటారని ఆమెకు తెలుసు. కన్నకూతురే అన్నాక ఇక బయటివాళ్లు అనరా?

ఇక తంతు సంగతి. షష్టిపూర్తి వేరు. అరవై సంవత్సరాల చక్రం తిరిగి పుట్టిన సంవత్సరం పేరే మళ్లీ వచ్చినప్పుడు దంపతులను పీటల మీద కూర్చోబెట్టి చేసే వేడుక అది. వెయ్యి పున్నముల లెక్క ఒక మనిషి ఆయుష్షుది. మొగుడున్నాడా లేడా అని అడిగి చంద్రుడు ఉదయించడు. హోమం, పూజ ఆమె ఒక్కదాని పేరున ఎలా చేస్తారో మీ పురోహితుడిని అడగండి, చెబుతారు. కానీ మీ ఆడపడుచుతో ఈ వాదన మీరు పెట్టుకోకండి. అది అన్నదమ్ములు మాట్లాడాల్సిన మాట. మీరు అంటే "కోడలు అంటోంది" అవుతుంది. మీవారు ఫోన్ చేసి "అమ్మను ఎవరూ ఏమీ అనకుండా చూసుకోవడం మన ముగ్గురి పని, దానికి నువ్వు ముందుండాలి" అంటే చాలు. ఆవిడ గొడవలో కూడా భయమే ఎక్కువనిపిస్తోంది నాకు. తల్లి నలుగురిలో చిన్నబోతే చూసి తట్టుకునే మనిషి కాదు.

హాళ్ల గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. మా నాన్నకు 80 నిండినప్పుడు మేమూ ఇలాగే ఒక పెద్ద హాలు తీసుకున్నాం. స్పీకర్ల హోరులో ఆయన చెవి మెషీన్ కుయ్యిమంటూనే ఉంది. వినికిడి తగ్గినవాళ్లకు గదిలో ఒక్కరు మాట్లాడితే అర్థమవుతుంది, వంద మంది ఒకేసారి మాట్లాడే చోట ఏ మాటా విడిగా చెవిన పడదు. పాపం, అందరికీ నవ్వుతూ తలూపారు. ఒంటిగంటకు తినాల్సిన మనిషికి రెండున్నరకు విస్తరి పడింది. పొద్దున షుగర్ మాత్ర వేసుకుని ఉన్నారు, చేతులు వణకడం మొదలైంది. కారెక్కాక "ఎవరెవరు వచ్చారే?" అని నన్నే అడిగారు. ఆరోజు వచ్చిన శాలువాల్లో ఒకటి చాన్నాళ్లు మా ఫ్రిజ్ మీద కప్పి ఉండేది. మిగతావి ట్రంకు పెట్టెలో ఉన్నాయి.

మరి ఏం చేయాలి? ముందు, తేదీ గురించి కంగారు వద్దు. ఆమె ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అనో, జూలై 1 అనో ఉండే ఉంటుంది, ఆ తరంలో చాలామందికి అంతే. సంవత్సరం పేరు ఆమెనే అడగండి. పార్థివ అంటే 1945 ఉగాది నుంచి 1946 ఉగాది దాకా, వ్యయ అంటే ఆ తర్వాతి ఏడాది. వెయ్యి పున్నములంటే సుమారు 29,530 రోజులు, అంటే 80 ఏళ్ల పది నెలలు దగ్గర దగ్గర. 80 ఏళ్ల ఎనిమిదో నెలలోనే చేయమనేవాళ్లూ ఉన్నారు. కాబట్టి నెల అటూ ఇటూ అయితే కొంపలేమీ మునగవు. నేనైతే అనపకాయలు, అదే ఆ చిక్కుడు జాతి కాయలు, వచ్చేదాకా ఆగమంటాను.

పలమనేరు వైపువాళ్లు కదా, పితికిపప్పు గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. కానీ చివరిసారి మీ ఇంట్లో ఎప్పుడు చేశారు? డిసెంబరు చివరికల్లా బెంగళూరు మార్కెట్లు అవరెకాయలతో, అంటే మన అనపకాయలతోనే, నిండిపోతాయి. వి.వి.పురం వైపు ఏటా వాటికో మేళానే జరుగుతుంది. ఒక శనివారం నాలుగైదు కేజీలు తెచ్చి మీ ఇంటి హాల్లో పేపర్లు పరిచి పోయండి. అందరూ కూర్చుని ఒలవండి. గింజలు రాత్రంతా నానాలి. పొద్దున మీ అత్తమ్మ ముందు గిన్నె పెట్టి పిల్లలను పక్కన కూర్చోబెట్టండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను పట్టి ఆమె అలా ఒక్క నొక్కు నొక్కితే పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది, తొక్క వేళ్ల మధ్య ఉండిపోతుంది. మీ పిల్లలు నొక్కితే గోడకు పోయి తగులుతుంది. ఆమె నవ్వుతుంది. ఆ ఇంట్లో ఆ పని ఆమెకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. చాన్నాళ్ల తర్వాత అందరూ ఆమె చేతుల వైపు చూస్తారు.

ఆమెకు ఏం కావాలో అడగాల్సింది కూడా అప్పుడే. ఎదురుగా కూర్చుని "అత్తమ్మా, నీకేం కావాలి?" అంటే "నాకేం కావాలి తల్లీ" అనే అంటుంది. చేతిలో పని ఉన్నప్పుడు మాట దానంతట అదే వస్తుంది. "మీ అమ్మ కూడా ఇట్లే చేసేదా? నీతో ఎవరు కూర్చునేవాళ్లు?" అని అడగండి. ఒక పేరు వస్తుంది. ఏ చెల్లెలో, పక్కింటి నేస్తమో, పొలం పనికి కలిసి వెళ్లిన మనిషో. ఆ పేరు గట్టిగా పట్టుకోండి.

ఆమె వయసు వాళ్లలో ఎంతమంది మిగిలారు చెప్పండి? ఆమెను "ఒసే" అని పిలిచేవాళ్లు ఇప్పుడు ఈ భూమ్మీద ఒకరో ఇద్దరో ఉంటారు. ఇంట్లో అత్తమ్మ, అమ్మ, అవ్వ. ఆమె పేరు పెట్టి పిలిచే గొంతే లేదు. ఆ ఒకరిద్దరినీ మీ ఇంటికి తీసుకురండి, మూడు రోజులు ఉంచుకోండి. పలమనేరు నుంచి మారతహళ్లికి ముళబాగిలు, కోలారు మీదుగా ఓ మూడు గంటల దారి. మంచి కారు, మధ్యలో రెండు చోట్ల ఆగే ఓపిక ఉన్న డ్రైవరు, మీ ఇంట్లో కమోడ్ పక్కన గోడకు ఒక పిడి. మీ బావగారి డబ్బుకు ఇంతకన్నా మంచి ఖర్చు నాకు కనిపించడం లేదు. వాళ్లు రాలేని స్థితిలో ఉంటే ఈమెనే తీసుకెళ్లండి. ఊళ్లో ఇల్లు తాళం వేసి ఉన్నా సరే, అరుగు మీద గంటసేపు కూర్చోనివ్వండి.

ఇంకొకటి. ఆమె ఇప్పటిదాకా పెట్టిన చెయ్యి. ఊళ్లో ఉన్నప్పుడు ఎవరొచ్చినా చేతిలో పదో ఇరవయ్యో పెట్టకుండా పంపి ఉండదు. ఇక్కడికొచ్చాక పెన్షన్ వచ్చినా ఏటీఎం కార్డు కొడుకు దగ్గర, మందులు మీరే తెస్తారు, బియ్యం యాప్‌లో వస్తాయి. ఇవ్వడానికి ఆమె చేతిలో ఏముంది? ఆ ఆదివారం కొత్త నోట్ల కట్ట ఒకటి ముందే ఆమె కొంగులో పెట్టండి. వచ్చిన ప్రతి పిల్లకూ, మీ పనిమనిషికీ, కింద వాచ్‌మన్‌కూ ఆమే ఇవ్వాలి. శాలువా కప్పితే తీసుకునే చోట కూర్చోవాలి, నోటు ఇస్తే ఇంటి పెద్ద కుర్చీలో ఉన్నట్టు.

మీవారికి ఫొటోల సరదా ఉంది కదా, అది తీసేయకండి. ఎల్‌ఈడీ తెర మాత్రం మానిపించండి. మామయ్య ఫొటో హఠాత్తుగా గోడంత సైజులో, ఏడుపు పాటతో వస్తే 200 మంది ముందు ఆమె ఏం చేస్తుంది? దాని బదులు ఫొటోలు ప్రింటు తీయించి, ఒక్కొక్కటి చేతికిచ్చి, ఇది ఎక్కడ, పక్కన ఉన్నది ఎవరు అని అడిగి ఫోన్‌లో రికార్డు చేయమనండి. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. అమెరికా బావగారికి ఆ ఆడియోలు పంపండి. ఇండియా వచ్చి ఉండే ఆ మూడు రోజులూ అతిథుల్ని పలకరించడంతో సరిపెట్టుకోకుండా ఆయన కూడా పక్కన కూర్చుని గింజలు పితుకుతారేమో అడిగి చూడండి.

పూజ కావాలని ఆమే అంటే, ఆ పొద్దున ఇంట్లోనే, కిటికీలు తీసి, పొగ తక్కువగా, గంటలో ముగిసేలా పెట్టుకోండి. ధనుర్మాసంలో శుభకార్యాలు చేయరని ఎవరైనా సన్నాయి నొక్కులు నొక్కితే మనవలు అవ్వతో కలిసి భోంచేయడానికి ముహూర్తం ఏమిటనండి. హారతి అనే మాటే ఎత్తకండి. మనవరాలు వచ్చి కాళ్లకు దండం పెట్టాక ఏ బొట్టు పెట్టాలో, పెట్టాలో వద్దో ఆ ముసలావిడే చూసుకుంటుంది.

హాలు అడ్వాన్సు కొంత పోతుంది. పోనివ్వండి.

మీ గురించి ఉత్తరంలో ఒక్క ముక్క కూడా రాయలేదు. రిటర్న్ గిఫ్టుల లిస్టు ఎవరు రాస్తున్నారో, చుట్టాలకు గదులు ఎవరు వెతుకుతున్నారో నాకు అర్థమవుతూనే ఉంది. హాలు మానేస్తే ఆ పని సగానికి సగం తగ్గుతుంది. ఈ మాట మీవారితో నా పేరు పెట్టే చెప్పండి.

ఒక చిన్న విషయం అడిగి ఆపేస్తాను. మీ ఫ్లాటు తలుపు పక్కన పేర్ల బోర్డు ఉందా? అందులో మీ ఇద్దరి పేర్లే ఉంటే, ఆ శనివారం లోపు కొత్తది చేయించి పైన ఆమె పేరు వేయించండి. అత్తమ్మ అని కాదు, ఆమె పేరు.

అనపకాయలు కొనడానికి ఆమెను కూడా తీసుకెళ్లండి. కాయ ముక్కు దగ్గర పెట్టుకుని సొగడు వాసన చూసి ఏ కుప్పలోది మంచిదో ఆమే చెబుతుంది. కేజీ ధర విని ఆ బండివాణ్ని తిడుతుంది కూడా, పలమనేరు సంతలో తిట్టినట్టే. మీరు మొహమాటపడి ఆపకండి, కాసేపు బేరమాడనివ్వండి.