మంచు మీద పన్నెండేళ్లు, ఇప్పుడు నాటకంలోకి

ప్రశ్న: మా కూతురు వాళ్లు కెనడాలో ఉంటారు. మనవరాలికి 22 ఏళ్లు. పదేళ్ల వయసు నుంచి ఐస్ డాన్స్ నేర్చుకుంది, పోటీలకి కూడా వెళ్లింది. జతగా చేసే అబ్బాయి చదువు కోసమని కిందటేడు మానేశాడు, ఇంకొకరు కుదరలేదు. ఆర్నెల్లుగా మా దగ్గరే ఉంటోంది. ఇక స్కేటింగ్ వద్దు, నాటకాలు వేస్తానంటోంది. ఇక్కడ ఒక సంస్థ వాళ్లు తమ నాటికలో చిన్న వేషం ఇస్తామన్నారట. పెట్టిన డబ్బూ, పిల్ల పడ్డ కష్టమూ నీళ్లపాలయ్యాయని మా అల్లుడు బాధపడుతున్నాడు. అసలు మంచు మీద జారే ఆటకీ నాటకానికీ ఏమన్నా సంబంధం ఉందా?
- ఒక అమ్మమ్మ, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉందమ్మా, చాలా ఉంది. మీ అల్లుడుగారికి ఈ జవాబు చదివి వినిపించండి.

ఐస్ డాన్స్ అంటే గాల్లోకి ఎగిరి గిరగిరా తిరిగి దిగే స్కేటింగ్ కాదు. ఇందులో అలాంటి పెద్ద గెంతులు ఉండవు, అబ్బాయి అమ్మాయిని తల కన్నా పైకి ఎత్తకూడదు, అంతకన్నా కిందగా ఎత్తినా ఇన్ని సెకన్లే అని లెక్క ఉంటుంది. జడ్జీలు చూసేది అడుగుల పనితనం, బ్లేడు అంచు మీద ఒరిగి నడిచే తీరు, ఇద్దరి మధ్య దూరం, తాళంతో ఒళ్లు కలవడం. వీటన్నిటికీ మించి, ఆ ఇద్దరూ ఎవరు, ఒకరికొకరు ఏమవుతారు అనేది సుమారు నాలుగు నిమిషాల్లో చూసేవాళ్లకి తెలియాలి, అదీ ఒక్క మాట కూడా మాట్లాడకుండా. 1976 నుంచి ఇది ఒలింపిక్స్‌లో ఉంది. మాటలున్న పాటకి చేసే వీలు ఒంటరిగా చేసే స్కేటర్లకి 2014 తర్వాత గానీ రాలేదు, ఐస్ డాన్స్ వాళ్లకి మాత్రం 1997 నుంచే ఉంది. అంటే మీ మనవరాలు పన్నెండేళ్లు చేసిన దాంట్లో సగం అభినయమే.

ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ నుంచి జేన్ టార్విల్, క్రిస్టఫర్ డీన్ అని ఒక జంట వచ్చారు. ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా, అతను పోలీసు. 1984లో సారాయెవో ఒలింపిక్స్‌లో రావెల్ అనే ఫ్రెంచి సంగీతకర్త కూర్చిన 'బొలేరో'కి చేసిన డాన్స్‌కి కళాత్మకత కింద తొమ్మిది మంది జడ్జీలూ పూర్తి మార్కులు, 6.0 చొప్పున, వేశారు. వాళ్లకి అభినయం దిద్దినవాడు స్కేటింగ్ కోచ్ కాదు, మైకేల్ క్రాఫర్డ్ అనే లండన్ రంగస్థల నటుడు. ముందు ఏడాది సర్కస్ కథతో చేసిన డాన్స్‌కి సాయం చేసిందీ ఆయనే, సారాయెవోలో రింకు (స్కేటింగ్ చేసే మంచు బరి) పక్కన నిలబడిందీ ఆయనే. ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. వాళ్ల సంగీతాన్ని ఎంత కత్తిరించినా అనుమతించిన టైము కన్నా పదిహేను, ఇరవై సెకన్లు ఎక్కువొచ్చింది. బ్లేడు మంచుకి తగిలినప్పుడే గడియారం మొదలవుతుందని నిబంధన. అందుకని ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని, పై ఒంటితోనే అటూ ఇటూ ఊగుతూ మొదలుపెట్టారు. నిబంధన కోసం వేసిన ఆ ఎత్తుగడే ఆ డాన్స్‌లో అందరికీ గుర్తుండిపోయిన ప్రవేశం అయింది. మన నాటకాల్లో పాత్ర ప్రవేశానికి ఎంత విలువ ఇస్తామో మీకు తెలుసు కదా.

ఇక మంచు మీద నుంచి నేరుగా నాటకంలోకి వెళ్లినవాడు జాన్ కర్రీ. ఆయన ఐస్ డాన్సర్ కాదు, ఒంటరిగా చేసే స్కేటర్, కానీ మీ ఇంటి సంగతికి దగ్గరగా ఉంటుందని చెబుతున్నాను. బర్మింగ్‌హామ్‌లో చిన్నప్పుడు బ్యాలే నేర్చుకుంటానంటే తండ్రి ఒప్పుకోలేదు, స్కేటింగ్ అంటే ఆట కాబట్టి సరే అన్నాడు. ఆ కుర్రాడు డాన్స్ ఆశనంతా మంచు మీదికి తీసుకెళ్లి 1976లో ఒలింపిక్ బంగారు పతకం గెలిచాడు, తర్వాత స్కేటింగ్‌నే నాటకశాలల్లో ప్రదర్శించే బృందం పెట్టుకున్నాడు, 1980లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఒక సంగీత నాటకంలో నటించాడు. ఆయన తీసుకున్నది కథానాయకుడి వేషం కాదు, కత్తుల నృత్యం ఉండే పాత్ర. ఒళ్లు ముందు మాట్లాడి, నోరు తర్వాత మాట్లాడే వేషంతో లోపలికి వచ్చాడన్నమాట. మీ మనవరాలికి చిన్న వేషం ఇస్తామన్న సంస్థ మంచి పని చేస్తోంది, తీసుకోమనండి.

అయితే వెంట రానివి కూడా ఉన్నాయి. మన పక్కనే ఉన్న కూచిపూడి సంగతే చూడండి. అభినయం నాలుగు విధాలంటారు, ఆంగికం (ఒంటితో), వాచికం (మాటతో), ఆహార్యం (వేషంతో), సాత్త్వికం (లోపలి భావంతో). భామాకలాపంలో సత్యభామ ఆడటమే కాదు, చెలికత్తె మాధవితో మాట్లాడుతుంది, అలుగుతుంది, వాదిస్తుంది. వేదాంతం సత్యనారాయణశర్మ గారిలాంటి వాళ్లు ఆ వేషంలో నాలుగింటినీ ఒకే ఒంట్లో చూపించారు. ఐస్ డాన్సర్‌కి ఇందులో ఆంగికం నిండుగా ఉంటుంది, ఆహార్యం అలవాటే, సాత్త్వికం కొంత ఉంటుంది. వాచికం మాత్రం అస్సలు ఉండదు, మొదటి నుంచీ నేర్చుకోవాల్సిందే.

రెండోది, ఊరికే నిలబడటం. మంచు మీద ఆగితే మార్కులు పోతాయి, అందుకని ఆగకుండా కదలడం ఒంటికి పట్టేస్తుంది. నేను పరిషత్తు నాటికలు ఆడించే రోజుల్లో తెనాలి నుంచి ఒక డాన్స్ అమ్మాయి మా రిహార్సల్స్‌కి వచ్చేది. కన్ను తిప్పితే హాలంతా చూసేది. కానీ ఎదుటి పాత్ర డైలాగ్ చెబుతుంటే ఆ పిల్ల చేతులు, భుజాలు, మెడ ఏదో ఒకటి కదులుతూనే ఉండేది, దాంతో ఎదుటివాడి మాట ఎవరికీ ఎక్కేది కాదు. పదిహేను రోజులు కుర్చీలో కూర్చోబెట్టి వినడం ఒక్కటే చేయించాం. ఏడ్చింది పాపం. ప్రదర్శన రోజు మాత్రం తమ్ముడి ఉత్తరం వినే సీనులో కదలకుండా కూర్చుని అందరినీ ఏడిపించింది.

ఒక్క సంగతి మాత్రం ఆ అమ్మాయినే అడగండమ్మా, మెల్లగా, అన్నం తినేటప్పుడు. స్కేటింగ్ మీద ఇష్టం పోయిందా, లేక జత విడిపోయిన బాధకి వద్దంటోందా? ఐస్ డాన్స్‌లో జత అంటే కొందరికి జీవితంలో సగం. కెనడా వాళ్లే టెస్సా వర్చ్యూ, స్కాట్ మోయిర్ ఆమెకి ఏడేళ్లు, అతనికి తొమ్మిదేళ్లు ఉన్నప్పుడు, 1997లో జతకట్టి 2018లో కూడా ఒలింపిక్ బంగారం గెలిచారు. అప్పటికి ఆమెకి 28, అతనికి 30. కాబట్టి 22 ఏళ్లకి వయసు అయిపోయిందనే భయం ఉంటే అది తీసేయండి. బాధ వల్లే అయితే బూట్లు అటక మీద పెట్టించకండి. నాటకం మీద నిజంగా మనసు పడితే మీ అల్లుడుగారు ఎదురు చెప్పకూడదని నేను గట్టిగా అంటాను.

ప్రశ్న: పై ఉత్తరం మా అమ్మమ్మ రాసింది, ఇది నాది. నాలుగు నిమిషాల ప్రోగ్రామ్ అలసిపోకుండా చేసేదాన్ని. ఇప్పుడు రెండు లైన్ల డైలాగ్‌కే ఊపిరి చాలడం లేదు, టెన్షన్ వస్తోంది. నా తెలుగు యాస కూడా వేరు. ఏం చేయాలి?

జవాబు: తల్లీ, నీ ఊపిరికి లోటేం లేదు, పొట్ట బిగుసుకుని ఉంది. మంచు మీద నడుం నిలబడటానికి పొట్ట కండరాలు బిగించి, పైఛాతీతో గబగబా గాలి పీల్చడం నీకు అలవాటైంది. మాటకి గాలి నెమ్మదిగా బయటికి పోవాలి, దానికి పొట్ట వదులవ్వాలి. వెల్లకిలా పడుకో, పొట్ట మీద చెయ్యి పెట్టుకో, పేపర్లో ఒక పేరా పైకి చదువు, చెయ్యి మెల్లగా దిగుతుందో లేదో చూసుకో. రోజూ పావుగంట చాలు.

తెలుగులో ఇంకో చిక్కుంది. క్రియ వాక్యం చివర్లో వస్తుంది. 'నేను వాడితో ఆ ఇంటికి' దాకా గట్టిగా చెప్పి 'వెళ్లను' దగ్గర ఊపిరి అయిపోయిందనుకో, వెనక వరసలో వాళ్లకి వెళ్తావో వెళ్లవో తెలియదు. అందుకని చివరి మాట కోసం గాలి దాచుకో. యాస గురించి ఇప్పుడే బెంగపడకు. దీర్ఘాలు, ఒత్తులు, ల, ళ, న, ణ సరిగ్గా పలికితే మిగతాది రిహార్సల్‌లో అదే సర్దుకుంటుంది. చదవడం నెమ్మదైతే అమ్మమ్మ చేత నీ పోర్షన్ చదివించుకుని చెవితో పట్టుకో, పాతతరంలో చదువు రాని నటులు పద్యాలు అలాగే నేర్చారు.

ఇంకొకటి, జడ్జీల వైపు తిరిగి నవ్వే అలవాటు నీకు తప్పకుండా ఉంటుంది. అది మానెయ్యి. స్టేజీ మీద నీ ఎదురుగా ఉన్న మనిషిని చూడు, నీ పాత పార్ట్‌నర్‌ని చూసినట్టు. ఆ చూపు చాలామంది నటులకి ఏళ్లు గడిచినా రాదు, నువ్వు తెచ్చుకున్న ఆస్తి అదే.

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు, రోలర్ స్కేటింగ్ బాగా చేస్తాడు. టీవీలో ఐస్ డాన్స్ చూసి అదే కావాలంటున్నాడు. విజయవాడ నుంచి కుదురుతుందా?
- ఒక తండ్రి, పటమట, విజయవాడ

జవాబు: ఇక్కడి ఎండలకి మంచు రింకు ఎక్కడిదండీ. సిమ్లాలో చలికాలం ఆరుబయట గడ్డకట్టే రింకు ఉంది, డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టినది ఉంది, రెండూ మీకు దూరమే. కానీ రోలర్ స్కేట్ల మీదే ఆర్టిస్టిక్ విభాగం ఉంది, అందులో సోలో డాన్స్, కపుల్ డాన్స్ కూడా ఉన్నాయి. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లోనే రెండు కాంస్యాలు తెచ్చాడు. బాబు ఇప్పుడు స్పీడ్ స్కేటింగ్ చేస్తుంటే, ఆర్టిస్టిక్ నేర్పే కోచ్ దగ్గరికి మార్చండి, దాంతో పాటు వారానికి రెండు రోజులు కూచిపూడి క్లాసుకి పంపండి. మగపిల్లాడికి డాన్స్ ఏమిటని ఇంట్లో ఎవరైనా అంటే పైన రాసిన జాన్ కర్రీ కథ చెప్పండి. ఏడాది తర్వాత ఎలా చేస్తున్నాడో నాకు రాయండి.