కూతురు రచయిత్రి అవుతానంటోంది, పొలం అమ్మి స్పెయిన్ పంపాలా?

నల్గొండ వైపు నుంచి ఒక తల్లి రాశారు. కూతురు హైదరాబాద్ ఇఫ్లూలో, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీలో, బీఏ స్పానిష్ చివరి ఏడాది. ఒక కంపెనీలో స్పానిష్ కస్టమర్ సపోర్ట్ ఉద్యోగానికి ఆఫర్ లెటర్ వచ్చింది, అమ్మాయి చేరనంటోంది. ఆంతోనియో మున్యోజ్ మోలీనా అనే స్పానిష్ రచయిత మీద ప్రాజెక్ట్ చేసిందట, అప్పట్నుంచీ నేనూ ఆయనలా పేపర్లో కాలమ్ రాస్తా, నవలలు రాస్తా, అందుకు స్పెయిన్‌లో క్రియేటివ్ రైటింగ్ మాస్టర్స్ చేస్తా అని పట్టు. ఇంటాయన ఉన్న రెండెకరాల్లో ఒకటి అమ్మేద్దాం అంటున్నారు. ఉద్యోగమా, ఇక్కడే ఎంఏనా, స్పెయినా, మూడూ పోల్చి చెప్పమని అడిగారు.

అమ్మా, పోలుస్తాను. కానీ మీరు ఏది మంచిదని ఒక్కసారి అడిగారు, "రేపు మేం లేకపోతే దానికి తిండి ఎట్లా" అని మూడుసార్లు రాశారు. మీ భయం కోర్సు గురించి కాదు. ఇట్లాంటి ఉత్తరాలు నాకు ఏడాదికి చాలా వస్తాయి, పిల్లలు మారతారు, ఒకరు సినిమా అంటారు, ఒకరు పాట అంటారు, తల్లి భయం మాత్రం ఇదే. కాబట్టి ముందు దానికే జవాబు చెప్తాను, మీ అమ్మాయి చూపిస్తున్న మనిషి జీవితంలోంచే చెప్తాను, ఎందుకంటే ఆ జీవితాన్ని ఆమె సగమే చదివినట్టుంది.

ఆయన 1956లో దక్షిణ స్పెయిన్‌లోని ఊబెదా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చుట్టూ కనుచూపు మేర ఆలివ్ తోటలు. తండ్రి కూరగాయలు పండించే రైతు. జర్నలిజం చదువుదామని మాడ్రిడ్ వెళ్లాడు, అది పూర్తిచేయలేదు, గ్రనాదాకు వచ్చి కళాచరిత్రలో డిగ్రీ చేశాడు. ఆ తర్వాత ఏం చేశాడో తెలుసా? గ్రనాదా మున్సిపల్ ఆఫీసులో ఉద్యోగంలో చేరాడు. ఊళ్లో కచేరీలు, నాటకాలు జరిపించే విభాగంలో ఫైళ్లు చూసే పని. 26, 27 ఏళ్ల వయసులో, ఆ ఉద్యోగం చేస్తూనే స్థానిక పత్రిక దియారియో దె గ్రనాదాకు కాలమ్ రాయడం మొదలుపెట్టాడు. రోజూ తను నడిచే వీధులు, కనబడే మనుషులు, అంతే సరుకు. వాటిని ఏరి 1984లో గ్రనాదాలోనే చిన్న పుస్తకంగా తెచ్చాడు. అది బార్సిలోనాలో పెద్ద ప్రచురణ సంస్థ సేష్ బర్రాల్‌లో పనిచేసే కవి పెరే జింఫెర్రే కంటపడింది, 1986లో తొలి నవల అక్కడి నుంచే వచ్చింది. అప్పటికి 30 ఏళ్లు. రెండో నవల కోసం 1987 జనవరిలో లిస్బన్ వెళ్లి కొద్దిరోజులు తిరిగాడు, అప్పటికీ గ్రనాదాలో ఆఫీసు ఉద్యోగం ఉంది, ఇంట్లో నెలల పిల్లవాడు ఉన్నాడు. ఆ నవలకు 1988లో స్పెయిన్ జాతీయ బహుమతి వచ్చింది. 1995లో స్పానిష్ భాషకు పెద్దదిక్కయిన స్పానిష్ అకాడమీకి ఎన్నికయ్యాడు, అప్పటికి నలభై కూడా నిండలేదు. మీ అమ్మాయి ప్రాజెక్ట్‌లో అకాడమీ, అవార్డులు, ఎల్ పాయీస్ పత్రికలో కాలమ్ ఉండి ఉంటాయి. మున్సిపల్ ఆఫీసు ఒక్క లైనులో పోయి ఉంటుంది.

నాకైతే ఆ ఒక్క లైనే ముఖ్యం. జీతం రాతను చంపలేదు. అది బియ్యం తెచ్చింది, పైగా రాయడానికి విషయమూ ఇచ్చింది. 2008 తర్వాత స్పెయిన్ ఆర్థికంగా కుప్పకూలినప్పుడు, ఊరూరా మున్సిపాలిటీలు డబ్బు ఎట్లా తగలేశాయో ఆయన 2013లో ఒక పుస్తకమే రాశాడు. ఆ కుర్చీలో కూర్చుని లోపలి నుంచి చూసినవాడు కాబట్టి అంత గట్టిగా రాయగలిగాడని నేను నమ్ముతాను.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. ఉద్యోగం, రాత, చిన్నపిల్లలు, మూడూ ఒకేసారి మోసిన ఆ రోజుల గురించి, ఇంటికి తను దూరమైన తీరు గురించి ఆయనే 2014లో వచ్చిన 'కోమో లా సోంబ్రా కె సె వా' అనే పుస్తకంలో దాపరికం లేకుండా రాసుకున్నాడు. మీ అమ్మాయి ఆ పుస్తకం చదవాలి.

ఇప్పుడు స్పెయిన్ మాస్టర్స్ సంగతి, ఇక్కడ నాకు అనుమానాలు చాలా ఉన్నాయి. ఈ మధ్య కన్సల్టెన్సీల వాళ్లు యూరప్ మాస్టర్స్‌ను బస్సు టికెట్ అమ్మినట్టు అమ్ముతున్నారు. అక్కడ ప్రభుత్వ గుర్తింపు ఉన్న అధికారిక మాస్టర్ వేరు, యూనివర్సిటీ తన పేరు మీద సొంతంగా ఇచ్చే డిగ్రీ వేరు. రెండోదాన్ని ప్రోపియో అనేవారు, 2021 నిబంధనల తర్వాత కాగితం మీద 'మాస్టర్ దె ఫోర్మాసియోన్ పెర్మనెంతె' అని పేరు మారింది. రేపు పీహెచ్‌డీకో లెక్చరర్ పోస్టుకో వెళ్తే ఈ తేడా మెడకు చుట్టుకుంటుంది, రైటింగ్ కోర్సుల్లో ఈ ప్రోపియోలు బాగా కనిపిస్తాయి, కాబట్టి అడ్మిషన్ లెటర్‌లో ఏముందో అక్షరం అక్షరం చూడండి. ఇంకో మాట, రాయడం నేర్పరని నేను అనను, మున్యోజ్ మోలీనా కూడా తర్వాత న్యూయార్క్‌లో విద్యార్థులకు రచన పాఠాలు చెప్పాడు. కానీ ఎకరం పొలం పోయిందన్న బరువు నెత్తిన పెట్టుకుని ఇరవై రెండేళ్ల పిల్ల అక్కడ కూర్చుని ఏం రాస్తుంది? ఏడాది తిరక్కుండా "పుస్తకం ఏదీ" అని మీరు అడుగుతారు. అప్పు చేసి వెళ్లిన ఒకబ్బాయిని నేనే ప్రోత్సహించాను, తిరిగొచ్చాక రెండేళ్లు కాగితం ముట్టుకోలేదు, అది నా తప్పుగానే ఇప్పటికీ బాధపడతాను.

పైగా ఆయన రాసింది తన ఊరి గురించి, తన భాషలో. ఊబెదాకే మాహినా అని పేరుపెట్టి నవల తర్వాత నవలలో అక్కడికే తిరిగి వెళ్లాడు. మరి మీ అమ్మాయి ఏ భాషలో రాస్తుంది? ఈ ప్రశ్న ఆమెను ఎవరైనా అడిగారా? స్పానిష్ నుంచి నేరుగా తెలుగులోకి అనువదించేవాళ్లు మనకు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు, ఆ పని ఆమె ఈ రాత్రి నుంచే మొదలుపెట్టవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక మీతో గట్టిగా ఒక మాట, కోపం తెచ్చుకోకండి. చుట్టాల ముందు "రాతలు కూడు పెడతాయా" అన్నానని, తన నోటుబుక్కులు అటక మీద పడేశానని మీరే రాశారు. అది తప్పమ్మా. పిల్ల దూరదేశం పోతానంటున్నది చదువు కోసమేనా, ఇంట్లో రాసుకునే చోటు లేక కూడానా? ఆ పుస్తకాలు ఇవాళే దింపండి. మీ ఇంటాయన పొలం అమ్ముతాననడం ప్రేమే, కానీ అడగకుండా అంత చేస్తే బిడ్డ మీద పడే భారం కూడా అంతే.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా. సపోర్ట్ ఉద్యోగంలో నైట్ షిఫ్ట్ ఉందో లేదో కనుక్కోండి, పగటి షిఫ్ట్ అయితే నేను చేరమనే అంటాను. స్పానిష్ రోజూ నోట్లో నానుతుంది, చేతిలో సొంత డబ్బు ఉంటుంది. రాత్రి షిఫ్ట్ అయితే ఆలోచించాలి, నిద్ర పాడైతే రాత ముందు పోతుంది. ఎంఏ అంటే టీచింగ్, అనువాదం వైపు దారి, ఖర్చు తక్కువ, ఏడాది ఉద్యోగం చేశాక కూడా చేయవచ్చు. స్పెయిన్ రెండు మూడేళ్లు ఆగినా ఎక్కడికీ పోదు, స్కాలర్‌షిప్ వస్తే, తను దాచుకున్న డబ్బు తోడైతే అప్పుడు వెళ్లనివ్వండి, సంతోషంగా పంపండి.

తిండికి లోటు రాదమ్మా. ఒక విదేశీ భాష గట్టిగా వచ్చిన పిల్ల పస్తులుండదు, ఇన్నేళ్లలో నేను చూసిన స్పానిష్ పిల్లలందరూ ఏదో ఒక పనిలో కుదురుకున్నారు. ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

ఆఫర్ లెటర్‌లో జాయినింగ్ తేదీ ఎప్పుడో మీరు రాయలేదు, ముందు అది చూడండి. ఆ లోపు అమ్మాయిని ఒకసారి నాతో మాట్లాడమనండి. వచ్చేటప్పుడు సర్టిఫికెట్లు వద్దు, అటక మీంచి దింపిన నోటుబుక్కుల్లో తనకు నచ్చినవి రెండు తెమ్మనండి.