నీ మెషీన్‌లో ఉన్నదల్లా స్టాండర్డ్ కాదు

చిరంజీవి అమ్మాయికి,

నీ స్క్రిప్టు చూశాను. నీ ఉబుంటులో బాగానే నడిచిందనీ, స్నేహితురాలి మ్యాక్‌లో సెడ్ (ఫైలులోని పాఠాన్ని మార్చే కమాండు) దగ్గర ఆగిపోయిందనీ రాశావు. సెడ్ అన్నిచోట్లా ఉంటుంది, నిజమే. కానీ నువ్వు వాడిన మైనస్ ఐ ఆప్షన్ (మార్పును అదే ఫైలులో రాసేది) పాజిక్స్‌లో, అంటే యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణంలో లేదు. నీ ఉబుంటులో ఉన్న గ్నూ సెడ్‌లో అది ఒంటరిగా పనిచేస్తుంది. మ్యాక్‌లో ఉన్నది బీఎస్‌డీ (యూనిక్స్‌లో మరో శాఖ) సెడ్. మైనస్ ఐ తర్వాత బ్యాకప్ ఫైలుకు తగిలించే ఎక్స్‌టెన్షన్ ఇచ్చి తీరాలంటుంది, బ్యాకప్ వద్దంటే ఖాళీ కోట్స్ అయినా పెట్టాలి. నువ్వు ఇవ్వలేదు కాబట్టి నీ ఎడిటింగ్ కమాండునే ఎక్స్‌టెన్షన్ అనుకుని, ఫైలు పేరును కమాండుగా చదవబోయి బోర్లాపడింది. మైనస్ ఐ మానేసి, ఫలితాన్ని తాత్కాలిక ఫైలులోకి పంపి, అక్కడినుంచి క్యాట్‌తో పాత ఫైలులోకి తిరిగి రాయి. మూవ్ చేస్తే పర్మిషన్లు మారిపోవచ్చు, అందుకని క్యాట్.

ఏది స్టాండర్డ్ అని సందేహం వస్తే మ్యాన్ పేజీ (కమాండు సహాయ పుట) ఒక్కటే చూసి ఊరుకోకు. అది నీ మెషీన్ సంగతే చెబుతుంది. పాజిక్స్ మొదట 1988లో వచ్చింది, షెల్ (కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాము), కమాండ్ల భాగం 1992లో. తాజా ప్రతి 2024ది. దాన్ని ప్రచురించే ఓపెన్ గ్రూప్ వాళ్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవనిస్తారు. ఏ కమాండుకు ఏ ఆప్షన్లు ఉండాలో అందులోనే చూడాలి.

చూస్తే ఆశ్చర్యపోతావు. నువ్వు మూడుచోట్ల వాడిన విచ్ (కమాండు ఎక్కడుందో చెప్పేది) అందులో లేదు, దాని బదులు కమాండ్ మైనస్ వీ ఉంది. సెక్ (వరస అంకెలు ఇచ్చేది) లేదు. రోజూ వాడే టార్ (ఫైళ్లను ఒక్క కట్టగా కట్టేది) కూడా లేదు, దాని స్థానంలో ప్యాక్స్ ఉంది. తమాషా ఏమిటంటే ఆ ప్యాక్స్ చాలా లినక్స్ ఇన్‌స్టలేషన్లలో కనిపించదు! వీఐ ఎడిటర్ ప్రమాణంలో ఉన్నదే, అయినా డెబియన్ లినక్స్ కంటైనర్ ఇమేజ్‌లో (చిన్నగా మూటకట్టిన సిస్టమ్‌లో) దొరకదు. అంటే ప్రమాణం చూడటంతో పని అయిపోదు, స్క్రిప్టు నడవాల్సిన చోట ఆ టూల్ ఉందో లేదో కూడా చూసుకోవాలి. టార్‌ను మాత్రం నేను ధైర్యంగానే వాడతాను. ప్రమాణంలో లేకపోయినా దాదాపు ఎక్కడికి వెళ్లినా ఉంటుంది.

షెల్ విషయంలో ఇంకా జాగ్రత్త. మొదటి లైనులో ఎస్‌హెచ్ అని పెట్టి, లోపల బ్యాష్ అనే షెల్‌లోని అర్రేలు (విలువల జాబితాలు) రాశావు. డెబియన్, ఉబుంటుల్లో ఎస్‌హెచ్ అంటే డాష్ అనే చిన్న షెల్, ఉబుంటులో అయితే 2006 నుంచీ అంతే. దానికి అర్రేలు తెలియవు. ఆల్పైన్ లినక్స్‌లో బిజీబాక్స్ షెల్ ఉంటుంది, ఫ్రీబీఎస్‌డీలో బ్యాష్ విడిగా వేసుకోవాలి. మ్యాక్‌లో బ్యాష్ ఉంది కానీ ఇప్పటికీ 3.2 దగ్గరే ఉంది, అసోసియేటివ్ అర్రేలు (పేర్లతో వెతికే జాబితాలు) 4.0లో గానీ రాలేదు. ఎకో మైనస్ ఎన్ (లైను మార్చకుండా రాసేది) కూడా ఒక్కో షెల్‌లో ఒక్కో రకంగా ప్రవర్తిస్తుంది, ప్రింట్‌ఎఫ్ వాడితే ఆ టెన్షన్ ఉండదు.

అలాగని ప్రతిదీ పాజిక్స్‌కు కట్టుబడి రాయమనను. నీ స్క్రిప్టు మీ లినక్స్ సర్వర్లు దాటి వెళ్లదనుకో, మొదటి లైనులో బ్యాష్ అని చెప్పేసి హాయిగా రాసుకో. ఇది మాత్రం ఇతరుల చేతికి వెళ్లేది కాబట్టి ఇంత చెబుతున్నాను. ఫైండ్ కమాండుకు ప్రింట్‌జీరో ఆప్షనూ, రియల్‌పాత్, టైమౌట్ కమాండ్లూ 2024 ప్రతిలో చేరాయి. ప్రమాణంలో చేరాయని పాత సర్వర్లలో ప్రత్యక్షం కావు, వాటిని వాడేముందు ఉన్నాయో లేదో స్క్రిప్టులోనే పరీక్షించు.

ముందు విచ్‌లు మార్చు, షెల్‌చెక్‌ను (స్క్రిప్టులో తప్పులు పట్టే టూల్‌ను) ఎస్‌హెచ్ మోడ్‌లో పెట్టి చూడు, డాష్‌లో ఒకసారి, ఆల్పైన్ కంటైనర్‌లో ఒకసారి నడుపు. నిన్నటి తేదీ కోసం వాడిన డేట్ లైను ఆ పరీక్షల్లో దొరికినా దొరక్కపోయినా మ్యాక్‌లో నడవదు. గ్నూలో మైనస్ డీ, బీఎస్‌డీలో మైనస్ వీ, పాజిక్స్‌లో రెండూ లేవు. తేదీని యూజర్ దగ్గరే ఆర్గ్యుమెంటుగా తీసుకోవడం నయం. మార్చాక మళ్లీ పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
బాబాయి