బుల్లెట్ చుట్టూ ఉంగరంలా గీత ఎందుకు పడుతుంది?

తిరుపతి నుంచి టెక్సాస్ వెళ్లిన ఒకాయన ప్రశ్న ఇది: ఇంట్లో రీలోడింగ్ (కాల్చిన తూటా కేస్‌లో, అంటే ఇత్తడి గొట్టంలో, మళ్లీ పౌడర్, బుల్లెట్ పెట్టడం) చేస్తుంటే సీటింగ్ డై (బుల్లెట్‌ను కేస్‌లోకి నొక్కే అచ్చు) ప్రతి బుల్లెట్ మీదా గుండ్రటి గీత వేస్తోంది, ఏం చేయాలి? (అక్కడ చెల్లుతుంది కాబట్టి చెబుతున్నా. మన చిత్తూరులో లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం.)

ముందు డైలోని స్టెమ్ (బుల్లెట్ ముక్కును నొక్కే కడ్డీ) విప్పి చూడండి. దాని గుంత బుల్లెట్ ముక్కు వంపుకు సరిపోకపోతే ఒత్తిడంతా సన్నటి అంచు మీదే పడి, మెత్తటి రాగి తొడుగు నొక్కుకుపోతుంది. ముక్కు పొడవుగా ఉండే బుల్లెట్లకు ఈ గొడవ ఎక్కువ. సన్నరకం ఎమెరీ పేపర్‌తో ఆ అంచు నునుపు చేస్తే చాలాసార్లు పోతుంది. లేత్ మీద తీసిన ఏ ముక్కకైనా మా లేత్ పనివాళ్లం చేసేది అదే. అప్పటికీ పోకపోతే ఆ బుల్లెట్‌కు తగిన స్టెమ్ కొనాల్సిందే.

స్టెమ్ బాగానే ఉంటే కేస్ మెడ మరీ బిగుతుగా ఉన్నట్టు. మూతి లోపలి అంచుకు చాంఫర్ పెట్టి (అంచును కాస్త ఏటవాలుగా గీకి), మెడలో బ్రష్ తిప్పండి. పౌడర్ కిక్కిరిసి ఉన్నా గీత పడుతుంది; అప్పుడు ఇంకా గట్టిగా నొక్కకుండా, రీలోడింగ్ మాన్యువల్‌లో కొలత సరిచూసుకోండి.

లీలగా కనిపించే గీతకు టెన్షన్ పడక్కర్లేదు. గోరుకు తగిలేంత లోతుంటే ఆ రౌండ్లు పక్కన పెట్టేయండి.