వారం రోజులు మోషన్ లేదు, ఇప్పుడు నీళ్లలా కారుతోంది!

ప్రశ్న: మంగళగిరి దగ్గర బైక్ ప్రమాదంలో మా తమ్ముడి తలకు పెద్ద దెబ్బ తగిలింది. ఆపరేషన్ చేసి, చాలా రోజులు ఐసీయూలో ఉంచి ఇంటికి పంపారు. ఇంకా పూర్తిగా స్పృహ రాలేదు, ముక్కు గొట్టంలోనే పాలు, రాగిజావ పోస్తున్నాం. పొట్ట ఉబ్బరంగా ఉంటోంది. వారం రోజులు మోషన్ లేదు, నిన్నటి నుంచి కొంచెం కొంచెంగా నీళ్ల విరేచనం. తన జావే పడలేదని అమ్మ ఒకటే టెన్షన్. విరేచనాలు ఆగే మాత్ర వేయవచ్చా? - ఓ అక్క, గుంటూరు

జవాబు: వద్దమ్మా, ఆ మాత్ర వేయకండి. వారం రోజులు మోషన్ లేక ఇప్పుడు నీళ్లు కారుతున్నాయంటే అది అసలు విరేచనమే కాకపోవచ్చు. పెద్దపేగు చివర మలం గట్టిపడి అడ్డుపడితే, దాని పక్కల నుంచి నీళ్లు జారి బయటికొస్తాయి, మీరేమో మాత్ర వేసి ఉన్న కాస్త కదలికనూ ఆపేస్తారు. డాక్టర్ గ్లౌజు తొడుక్కుని వేలితో చూస్తే చాలావరకు అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఎనిమా కూడా ఆయన చెప్పాకే.

దెబ్బ తలకైనా పొట్టకు సంబంధం ఉంది. జీర్ణకోశానికి సొంత నరాల అల్లిక ఉన్నా, దాని వేగాన్ని మెదడు వేగస్ నరం ద్వారా సర్దుతూ ఉంటుంది. మెదడు దెబ్బతిని తల లోపల ఒత్తిడి పెరిగితే పొట్ట ఖాళీ కావడం నెమ్మదిస్తుంది, దానికి తోడు ఐసీయూలో ఇచ్చే ఫెంటానిల్ లాంటి నొప్పి మందులు, పొటాషియం తగ్గడం, కదలకుండా పడుకోవడం. కాబట్టి అమ్మ జావను తిట్టుకోనక్కర్లేదు, గొట్టం మూసుకుపోకుండా పల్చగా చేసి వడకట్టి పోస్తే చాలు. పోసేటప్పుడూ, ఆ తర్వాత గంటసేపూ తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచండి, లేదంటే పొట్టలోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు.

మందుల చీటీలో సిరప్‌లు ఎన్నున్నాయో కూడా డాక్టర్‌కు చూపించండి, వాటిలో తీపి కోసం కలిపే సార్బిటాల్‌తో కూడా విరేచనాలు కావచ్చు. యాంటీబయాటిక్స్ ఎక్కువ రోజులు వాడాక జ్వరంతో విరేచనాలైతే మాత్రం మలపరీక్ష చేయించాలి.

తలలో దెబ్బకు పొట్టలో పుండ్లు పడతాయని 1932లోనే హార్వీ కుషింగ్ అనే సర్జన్ రాశారు, ఐసీయూలో మనవాళ్లు 'గ్యాస్ మందు' అనేది ఇచ్చేది అందుకే. గొట్టంలో కాఫీపొడి రంగు కనిపించినా, మలం తారులా నల్లగా వచ్చినా అది పుండు నుంచి కారే రక్తం కావచ్చు, ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. (ఐరన్ మందు వాడినా నల్లగానే వస్తుంది, అదీ చెప్పండి.)

మీ తమ్ముడు నొప్పి అని చెప్పలేడు కదా, చెమటలు పట్టడం, గుండె దడదడలాడటం, కాళ్లూ చేతులూ బిగదీసుకోవడం చూసి మనమే పట్టుకోవాలి, మలం బిగిసినా ఇలా జరుగుతుంది. పొట్ట డోలులా బిగిసి, వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే రాత్రయినా సరే క్యాజువాల్టీకి తీసుకెళ్లండి. అడ్డేమీ లేకుండానే పెద్దపేగు ఉబ్బిపోయి చిల్లు పడే ప్రమాదం ఉంటుంది, అది ఎక్స్‌రేలోనో సీటీలోనో తెలుస్తుంది.