తూటా దగ్గర మొదలుపెట్టకు

చిరంజీవి అమ్మాయికి,

మలాలా మీద నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. భాష బాగుంది, ఆవేశంలో నిజాయితీ ఉంది. అయితే మొదటి వాక్యంలోనే 2012 అక్టోబర్ 9కి వెళ్లిపోయావు. స్కూలు వ్యాను, తుపాకీ పట్టుకుని ఎక్కినవాడు, కాల్పులు. మిగతాదంతా ఆ క్షణం చుట్టూనే తిరిగింది. చదవడం పూర్తయ్యాక ఆ పిల్లకి ఏం జరిగిందో తెలిసింది కానీ, ఆ పిల్ల ఏం చేసిందో తెలియలేదు. ఆ వచ్చినవాడు మలాలా ఎవరని అడిగి మరీ కాల్చాడమ్మా. అప్పటికే ఆమె కొన్నేళ్లుగా ఆడపిల్లల చదువు గురించి బాహాటంగా మాట్లాడుతోంది. 2011లో పాకిస్తాన్ ప్రభుత్వమే ఆమెకు యువ శాంతి బహుమతి ఇచ్చింది. ఆ సంవత్సరాలు నీ వ్యాసంలో ఎక్కడున్నాయి?

2009 జనవరి నుంచి మొదలుపెట్టి చూడు. పాకిస్తాన్‌లోని స్వాత్ లోయలో తాలిబన్ నాయకుడు ఫజ్లుల్లా ఎఫ్ఎం రేడియోలో ప్రసంగాలు చేసేవాడు. బడి మానేసిన ఆడపిల్లల పేర్లు చదివి మెచ్చుకునేవాడు. జనవరి 15 తర్వాత ఆడపిల్లలెవరూ బడికి వెళ్లకూడదని హుకుం జారీ అయింది. అప్పుడు ఆ లోయలోని మింగోరా పట్టణంలో పదకొండేళ్ల మలాలా, గుల్ మకాయి అన్న మారుపేరుతో బీబీసీ ఉర్దూకి డైరీ రాసింది. జనవరి 3 నాటి మాట చూడు: తరగతిలో 27 మందికి 11 మందే వచ్చారట. నువ్వు 'భయం గుప్పిట్లో', 'భయం నీడలో', 'భయపు చీకట్లో' అని ఒకే పేజీలో రాశావు. ఆ పిల్ల హాజరు లెక్క చెప్పింది, అంతే. నాకు ఆ లెక్కే ఎక్కువ టెన్షన్ పుట్టించింది.

ఇంకొక రోజు బడి అసెంబ్లీలో, రంగురంగుల బట్టలు వేసుకు రావద్దు, తాలిబన్లు ఒప్పుకోరు అని చెప్పారట. మరో రోజు హెడ్‌మిస్ట్రెస్ శీతాకాలం సెలవులు ప్రకటించింది కానీ, బడి మళ్లీ ఎప్పుడు తెరుస్తారో చెప్పలేదు. సెలవులంటే ఎగిరి గంతేసే వయసు పిల్లలు ఆ రోజు సంతోషించలేదు. ఎందుకో వాళ్లకి తెలుసు. ఇలాంటి చోట నువ్వు వ్యాఖ్యానం చెయ్యకు. జరిగింది చెప్పి, పాఠకుణ్ణి కాసేపు అక్కడే ఉండనివ్వు.

'ఒంటరి పోరాటం' అన్న మాట కొట్టేశాను. ఆమె తండ్రి జియావుద్దీన్ బడి నడిపేవాడు, బెదిరింపులు వచ్చినా మాట్లాడటం మానలేదు. పాఠాలు చెప్పడానికి వచ్చిన టీచర్లున్నారు. ఆ 11 మందిని బడికి పంపిన ఇళ్లున్నాయి. వ్యానులో ఇంకో ఇద్దరు అమ్మాయిలకు కూడా తూటాలు తగిలాయి, వాళ్ల ప్రస్తావనే లేదు నీ దగ్గర.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది, స్వాత్‌ను నువ్వు ఏనాడూ చదువు ఎరగని ప్రాంతంలా రాయడం. 1969లో పాకిస్తాన్‌లో కలిసేదాకా అది సంస్థానం. ఆ పాలకులు బడులు కట్టించారు, ఆడపిల్లలకు కూడా. అక్కడి అమ్మాయిలకు అలవాటైన చదువును తాలిబన్లు లాక్కున్నారు, వందలాది బడులు ధ్వంసం చేశారు. ఈ తేడా చెప్పకపోతే అక్కడి జనానికి అన్యాయం చేసినట్టే.

చట్టం సంగతి కూడా క్లుప్తంగా చెప్పు. 2010లో పాకిస్తాన్ రాజ్యాంగంలో 25-ఎ అధికరణం చేరింది. అయిదు నుంచి పదహారేళ్ల పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్య ఇవ్వాలంది. అయినా లక్షలాది ఆడపిల్లలు బడి బయటే ఉన్నారు. దగ్గర్లో హైస్కూలు ఉండదు, బడికి ప్రహరీ గోడా మరుగుదొడ్డీ ఉండవు, ఇంట్లో డబ్బుండదు, చిన్న వయసులోనే పెళ్లి చేసేస్తారు. తుపాకీ కథ ఒక్కటే చెప్తే ఇవన్నీ కనబడకుండా పోతాయి. మలాలా తర్వాత చేస్తున్న పనిలో ఎక్కువ భాగం వీటి మీదే కదా.

2014 నోబెల్ శాంతి బహుమతికి ఒక్క వాక్యం చాలు. కైలాశ్ సత్యార్థితో కలిసి పదిహేడేళ్లకే అందుకుందని రాసి ముందుకు వెళ్లు. 'ధీరవనిత', 'అగ్నిశిఖ' వంటివి తీసెయ్యి. ఐక్యరాజ్యసమితి ప్రసంగంలోని చివరి మాటలతో ముగించావు, అందరూ అలాగే ముగిస్తారు. ఆ పేరా కోసేస్తే వచ్చే చోటు ఆమె తల్లి తూర్ పెకైకి ఇవ్వు. ఆవిడ చిన్నప్పుడే బడికి దూరమైంది. కూతురి చికిత్స కోసం వెళ్లి బర్మింగ్‌హామ్‌లో స్థిరపడ్డాక, పెద్ద వయసులో చదవడం, రాయడం నేర్చుకోవడానికి కూర్చుంది. నీ వ్యాసంలో ఆవిడ ఊసే లేదు. తిరగరాశాక మళ్లీ పంపు, వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో.